లాంచీ హైడ్రాలిక్ గేర్‌బాక్స్ వేడెక్కితే జారుతోంది: ఏ ఆయిల్ పోయాలి?

కృష్ణ ఒడ్డు (కర్నూలు):
సభ్యులందరికీ నమస్కారం. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం వైపు మాకు ఒక డీజిల్ లాంచీ ఉంది. గేర్‌బాక్స్ హైడ్రాలిక్ రకం. ఉదయం చల్లని వేళ బాగానే లాగుతుంది కానీ, ఎండ ముదిరి కొంతసేపు తిరిగిన తర్వాత ఫార్వర్డ్‌లో రేస్ పెంచితే ఇంజిన్ శబ్దం పెరుగుతుందే తప్ప లాంచీ వేగం పెరగడం లేదు. రివర్స్‌లోనూ అదే వరస. మాకంటే ముందు నడిపినవారు అందులో లారీ డిఫరెన్షియల్‌కు వాడే 90 నంబరు గేర్ ఆయిల్ పోశారట. ఇక్కడి దుకాణదారు ఎర్రగా ఉండే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు వాడే పల్చని ఆయిల్) పోయమన్నారు, మెకానిక్ 40 నంబరు ఇంజిన్ ఆయిల్ చాలన్నారు. నేమ్‌ప్లేట్ మీద ఏళ్ల తరబడి రంగులు పూయడం వల్ల ఒక్క అక్షరమూ కనిపించడం లేదు. ఏది పోయాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

లేత్ షెడ్డు (కడప):
అన్నగారూ, ఏది పోయాలన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ 90 నంబరు ఆయిల్‌ను దింపేయండి. 90 అనగానే 40 కంటే రెండింతలు చిక్కనిదని చాలామంది భ్రమపడతారు. గేర్ ఆయిల్‌కూ ఇంజిన్ ఆయిల్‌కూ అంకెల కొలమానాలే వేరు కాబట్టి, వేడెక్కాక ఆ రెండింటి చిక్కదనం ఇంచుమించు దగ్గరగానే ఉంటుంది. ఇబ్బంది అంతా అందులో కలిపే రసాయనాలతోనే. లారీ డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 రకంలో, పళ్ల మీద విపరీతమైన భారం పడినా అవి ఒరుసుకుపోకుండా గంధకం, భాస్వరం ఉన్న పదార్థాలు కలుపుతారు. మీ గేర్‌బాక్స్‌లో పళ్లతోపాటు క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. పళ్లు జారుతూ తిరగాలి, ప్లేట్లు మాత్రం జారకుండా పట్టుకోవాలి. జీఎల్-5 మొదటి పనికి పుట్టినదే తప్ప రెండో పనికి కాదు. పైగా ఆ గంధకం వేడిలో కంచు భాగాలను తినేస్తుంది.

ఇక ఏటీఎఫ్ మంచిదా, ఇంజిన్ ఆయిల్ మంచిదా అన్న వాదనకు అర్థం లేదు. బోర్గ్ వార్నర్ వెల్వెట్ డ్రైవ్ లాంటి గేర్‌బాక్స్‌లు ఏటీఎఫ్ కోసం తయారైనవి. ట్విన్ డిస్క్, చైనా వారి అడ్వాన్స్ లాంటివి 30 లేదా 40 నంబరు డీజిల్ ఇంజిన్ ఆయిల్ అడుగుతాయి. ఏటీఎఫ్ వేడిలో 40 నంబరు ఆయిల్ చిక్కదనంలో దాదాపు సగమే ఉంటుంది కనుక, ఒకదాని బదులు మరొకటి పోయడం చిన్న తేడా కాదు. నేమ్‌ప్లేట్‌ను ఉలితో గీకకుండా, థిన్నర్‌లో తడిపిన గుడ్డను కాసేపు దానిపై ఉంచి తుడవండి. అక్షరాలు రేకులోకి గుద్దినవైతే బయటపడతాయి.

పాత సరంగు (నంద్యాల):
పై సభ్యులు ఆయిల్ గురించి చెప్పినది సరైనదే. అయితే మీరు రాసిన లక్షణాలను బట్టి, ఆయిల్ మార్చినంత మాత్రాన ఈ రోగం కుదురుతుందని నాకు అనిపించడం లేదు. ఒక్క ఫార్వర్డ్‌లోనే జారితే ఆ వైపు ప్లేట్లు అరిగాయనుకోవచ్చు. రెండు వైపులా, అదీ వేడెక్కాకనే జారుతోందంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పంపు, స్ట్రెయినర్ (ఆయిల్‌ను వడపోసే జాలి), రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేది), కూలర్లను ముందు అనుమానించాలి. ప్లేట్లను నొక్కి పట్టేది ఆయిల్ ప్రెషరే కనుక, పరీక్షకు ఇచ్చిన రంధ్రానికి గేజి బిగించి, చల్లగా ఉన్నప్పుడొకసారి, జారుతున్నప్పుడొకసారి చూడండి. వేడిలో ముల్లు పడిపోతే దోషం ప్రెషర్‌ది. ముల్లు నిలబడినా జారితే ప్లేట్లది. వేసవిలో జలాశయం తగ్గి బురద నీటిలో తిరిగిన లాంచీకి కూలర్ గొట్టాలు పూడుకుపోవడం మామూలే.

మరొకటి, ఎవరూ పట్టించుకోనిది, గేర్ కేబుల్. దానిని ఊడదీసి, గేర్‌బాక్స్ మీది లివర్‌ను చేత్తో ఫార్వర్డ్‌లోకి నెడితే అది టక్కుమని కూర్చునే చోటు తెలుస్తుంది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. తిరిగి కేబుల్ తగిలించి, స్టీరింగ్ దగ్గర ఒకరి చేత గేరు వేయించి చూడండి. లివర్ ఆ గీతకు కాస్త ఇవతలే ఆగితే వాల్వు పూర్తిగా తెరుచుకోదు, ప్రెషర్ చాలక ప్లేట్లు జారి కాలిపోతాయి.

కృష్ణ ఒడ్డు (కర్నూలు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేమ్‌ప్లేట్ బయటపడింది, దానిపై 40 నంబరు ఇంజిన్ ఆయిల్ అనే ఉంది. కేబుల్ సరిగానే ఉంది. గేజి మాత్రం వేడిలో బాగా పడిపోతోంది. గేర్‌బాక్స్ విప్పించే వరకు 50 నంబరు పోసి నెట్టుకురావచ్చునా?

పాత సరంగు (నంద్యాల):
ప్రెషర్ కొంత నిలబడవచ్చు కానీ, చిక్కని ఆయిల్‌లో ప్లేట్లు పూర్తిగా విడిపోక, ఉదయం చల్లగా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో కూడా లాంచీ మెల్లగా ముందుకు పాకుతుంది. జనం రేవు మెట్ల మీద నుంచి ఎక్కే సమయంలో అది ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. కాబట్టి 40 నంబరే పోయండి. పాత ఆయిల్‌ను వేడిగా ఉన్నప్పుడే దింపి, కూలర్‌లోనూ దాని గొట్టాల్లోనూ మిగిలినది కూడా తీసేయండి, లేకపోతే ఆ 90 నంబరు మళ్లీ కలుస్తుంది. స్ట్రెయినర్ కడిగేటప్పుడు అందులో ఏముందో గమనించండి: మెరిసే పొడి గానీ, మాడిన వాసన వేసే నల్లటి పొరలు గానీ కనిపిస్తే, ప్రయాణికులను ఎక్కించకుండా లాంచీని నేరుగా షెడ్డుకు తీసుకువెళ్లండి.