టీవీ గోడకు కడప బండ, ఎదురుగా క్రాకరీ యూనిట్: ఏ కాలానికి ఎట్లా సర్దుకోవాలి?

ప్రశ్న (కర్నూలు, బి.క్యాంప్ వైపు నుంచి)

అక్కలకు, అన్నలకు నమస్తే. ఉగాదికి ముందే కొత్త ఇంట్లోకి మారాము. హాల్లో టీవీ కింద గోడ పొడవునా కడప బండ వేయించారు. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉంటుంది. ఎదురు గోడకు చెక్క క్రాకరీ యూనిట్ ఉంది, నడుము ఎత్తు, పైన అంతా ఖాళీ. విదేశాల ఇళ్లలో చలిమంట గూటిపైన ఉండే పలకను కాలం మారినప్పుడల్లా కొత్తగా సర్దుతారు కదా, ఆకులు రాలే రోజుల్లో గుమ్మడికాయలు, ఎర్రని మేపుల్ ఆకులు, డిసెంబరులో పైన్ కొమ్మలు. ఫోన్లో అవి చూసినప్పటి నుంచి మన ఇంట్లోనూ అట్లా చేయాలని నాకు బాగా ఆశగా ఉంది. కానీ మన దగ్గర ఆ ఆకులూ లేవు, ఆ చలీ లేదు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఆకుల దండలు దొరుకుతున్నాయి, అవి కొనమంటారా? అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె, కూజా, రెండు పళ్లేలు ఉన్నాయి. నిమ్మలకుంటలో కొన్న తోలుబొమ్మల దీపం ఒకటి ఉంది. కిటికీ పడమటి వైపు. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. ఎక్కువ ఖర్చు లేకుండా ఏం చేయవచ్చో చెప్పండి.

జవాబు (అనంతపురం)

చెల్లీ, ప్లాస్టిక్ దండలు కొనొద్దు. మన దుమ్ముకు నెల తిరక్కుండానే రంగు చస్తాయి, ఆకు ఆకూ కడగడం నీ వల్ల కాదు. నీ దగ్గర ఇత్తడి ఉంది, మంచి నల్ల బండ ఉంది. నల్ల బండ మీద ఇత్తడి ఉంటే సగం అలంకారం అయిపోయినట్టే.

ముందు ఒక మాట. బండ మీద ఎప్పటికీ కదలనివి రెండే పెట్టుకో. ఒక చివర బిందె, గోడకు ఒక అద్దమో పటమో. అవి ఏడాదంతా అక్కడే ఉంటాయి. వాటి పక్కన ఒక్క చోటు మాత్రం కాలానికి వదిలేయి. మార్చేది ఆ ఒక్క చోటే. పలకంతా ప్రతిసారీ మార్చాలనుకుంటే రెండోసారికే విసుగొస్తుంది.

ఇక కాలాల సంగతి. పంచాంగంలో ఋతువులు ఆరు. మన పక్క హాలు సర్దుకోవడానికి మాత్రం నాలుగు చాలు: ఎండలు, గాలి, వానలు, పంట ఇంటికొచ్చే చలికాలం.

ఎండల్లో తక్కువ పెట్టాలి. తెల్లని నూలు గుడ్డ ఒకటి పరిచి, కూజాలో వేపపూత కొమ్మ, రెండు మామిడి రెమ్మలు పెట్టు. వేపపూత రెండు మూడు రోజులకు రాలుతుంది, రాలనీ, ఊడ్చేసి మళ్లీ తెచ్చుకో. ఉగాది దాటాక పూత అయిపోతే సాయంత్రం పూట ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి గుప్పెడు మల్లెపూలు వెయ్యి. వట్టివేళ్లు ఒక కట్ట తెచ్చి మట్టి మూకుడులో పెట్టి పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లు. ఫ్యాన్ గాలికి ఇల్లంతా ఆ వాసన వస్తుంది. కంటికి కనిపించేదానికన్నా ఇది గొప్ప అలంకారమని నా గట్టి నమ్మకం. మైనపు కొవ్వొత్తులు మాత్రం తీసెయ్యి. మే నెలలో కర్నూల్లో నలభై డిగ్రీలు దాటే ఎండకు, అందులోనూ పడమటి కిటికీ దగ్గర, అవి మెత్తబడి వంగిపోతాయి. కాగితం బొమ్మలూ పట్టు గుడ్డలూ కూడా ఆ ఎండలో వెలిసిపోతాయి.

ఆ తర్వాత గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మా అనంతపురంలో ఈ గాలి ఎట్లా ఉంటుందో వచ్చినవాళ్లకే తెలుస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని నమ్ముకునే. పొద్దున తుడిచిన బండ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కాబట్టి ఆషాఢంలో బండ ఖాళీగానే ఉంచు. బిందె ఒక్కటి చాలు. ఒక్క గుడ్డ, ఒక్క తుడుపు, పని అయిపోవాలి. చిన్న చిన్న బొమ్మలన్నీ క్రాకరీ యూనిట్ తలుపు లోపలికి పంపించు. ఖాళీగా ఉన్న నల్ల బండ కూడా అందమే, దాన్ని నింపకపోతే ఏదో లోటనిపించాల్సిన పని లేదు.

వానలు మనకు ఆలస్యం. అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ, అందులోనూ ఎక్కువ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఆ రోజుల్లో బయటికి వెళితే కావలసినవన్నీ దొరుకుతాయి. గుట్టల వైపు తంగేడు పూలు పచ్చగా ఉంటాయి. మీ తుంగభద్ర ఒడ్డున రెల్లు పూస్తుంది. రెల్లు వెన్నులు నాలుగైదు తెచ్చి పొడవాటి కూజాలో పెడితే నల్ల బండ మీద వెండిలా కనిపిస్తాయి. నూగు రాలకుండా బయటే కొంచెం హెయిర్ స్ప్రే కొట్టి ఆరాక లోపలికి తీసుకురా. పూర్తిగా విచ్చుకోకముందే కోస్తే ఇంకా మంచిది. దసరాకు బంతిపూలు ఎట్లాగూ ఉంటాయి. నీళ్లలో పూలు వేసి పెట్టే పళ్లెంలో నీళ్లు రోజూ మార్చు, వారం పది రోజులు వదిలేస్తే దోమలు పుడతాయి.

పూజకు పెట్టిన కలశం, పత్రి, పసుపు బొమ్మ ఇవి అలంకారం లెక్కలోకి రావు. వాటిని టీవీ కింద పెట్టకు, వాటి చోటు వేరు.

చలికాలం గురించి ఆదోని వాళ్లు చెబితే బాగుంటుంది. నేను కంకుల మాట మాత్రం చెబుతాను. జొన్న కంకి గుండ్రంగా, బరువుగా ఉంటుంది. సజ్జ కంకి నిటారుగా నిలబడుతుంది. కొర్ర కంకి తల వంచుతుంది. మూడూ కలిపి కట్ట కడితే ఏ పూల దుకాణంలోనూ అట్లాంటిది దొరకదు. తలకిందులుగా నీడలో వేలాడదీసి ఆరనిచ్చి పెట్టు. సంక్రాంతి దాటాక ఇంట్లో ఉంచకు, ఎలుకలు వస్తాయి. బాల్కనీలో పిచ్చుకలకు కట్టు.

జవాబు (ఆదోని)

చలికాలానికి మా ఊరి పత్తిని మించింది లేదు. ఆదోని మార్కెట్ యార్డు పత్తికి పేరు మోసింది, చుట్టుపక్కల చేలన్నీ అదే. విచ్చుకున్న కాయలున్న కొమ్మ ఒకటి దగ్గరగా పట్టుకుని చూడండి. కాయ నాలుగైదు పాయలుగా విచ్చి ఎండి గోధుమరంగులో గట్టిపడి ఉంటుంది, ఒక్కో పాయలో దూది ముద్దగా బయటికి ఉబ్బి ఉంటుంది. నాలుగు కొమ్మలు మట్టికుండలో పెడితే వేరే పువ్వు అక్కర్లేదు.

కానీ మూడు జాగ్రత్తలు. ఏరడం అయిపోయి కట్టె పీకే రోజుల్లో రైతును అడిగి తెచ్చుకోండి, నిలబడి ఉన్న చేనులో చెయ్యి పెట్టకండి. విచ్చుకోని కాయలన్నీ కోసి అక్కడే పారేయండి. గులాబీ రంగు పురుగు ఆ కాయల్లోనే దాక్కుంటుంది, పత్తి కట్టె ఇళ్ల దగ్గర నిల్వ పెట్టుకోవద్దని వ్యవసాయ శాఖ వాళ్లు రైతులకు చెప్పేది అందుకే. కొమ్మలను రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి, చిన్న కొమ్మలైతే కవర్లో గట్టిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచండి, మిగిలిన పురుగు చస్తుంది. జొన్న కంకులకూ ఇదే పద్ధతి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దూది అంటే వత్తే. కార్తీక దీపం గానీ అగరుబత్తి గానీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. పైగా ఎండిన కాయ మొనలు గుచ్చుకుంటాయి, పిల్లలున్నారు కాబట్టి బండ మీద కాకుండా క్రాకరీ యూనిట్ మీద, గోడ వైపుకు పెట్టండి.

జవాబు (కడప)

అమ్మా, అందరూ బండ మీద ఏం పెట్టాలో చెప్పారు. నేను బండ గురించి చెబుతాను. కడప బండ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే పాలిష్ తినేస్తుంది. నిమ్మరసం చుక్క పడి కాసేపు ఉన్నా మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. మీ ఇత్తడి సామాను చింతపండు, ఉప్పుతో తోముతారు కదా, ఆ పని ఈ బండ మీద చేయొద్దు. వంటింటి గట్టు కూడా కడప బండే అయితే ప్లాస్టిక్ టబ్బులో పెట్టి తోమండి. బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే బండ మీదికి తేవాలి.

మట్టికుండ కింద నీళ్లు ఊరి తెల్లని చుట్టు పడుతుంది. కింద పళ్లెం ఉండాలి. రోజూ తుడవడానికి తడిగుడ్డ చాలు, మరకలుంటే గిన్నెల సబ్బు రెండు చుక్కలు. వెనిగర్‌తో తుడవమని వీడియోల్లో చెబుతారు, మీ బండకు అది పనికిరాదు. కొబ్బరినూనె పూస్తే నలుపు నిగనిగలాడుతుంది, నిజమే, కానీ గాలి కాలంలో పూస్తే దుమ్మంతా అంటుకుంటుంది. దసరా ముందు ఒకసారి పలచగా పూసి, పొడిగుడ్డతో గట్టిగా రుద్దండి.

ఇంకొకటి. బండ కింద ఏం ఆధారం ఉంది? కొందరు ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు తెచ్చి మధ్యలో పెడుతుంటారు. కడప బండ చెక్కలా వంగి ముందే హెచ్చరించదు, ఒకేసారి విరుగుతుంది. కింద చూసి చెప్పండి.

జవాబు (కర్నూలు పాతబస్తీ)

క్రాకరీ యూనిట్ గురించి ఎవరూ చెప్పలేదు. దాని పైభాగం సగం ఎప్పుడూ ఖాళీగా ఉంచు చెల్లీ. ఇంటికి ఎవరైనా వస్తే టీ ట్రే పెట్టేది అక్కడే. మా ఇంట్లో రంజాన్ నెలలో ఖర్జూరాల పళ్లెం, గ్లాసులు అక్కడే ఉంటాయి, పండగ రోజు షీర్ ఖుర్మా గిన్నె కూడా. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఒకసారి ఎండల్లో వస్తుంది, ఇంకొన్నేళ్లకు చలిలో వస్తుంది. అందుకని మేము కాలంతో పని లేని పసుపు రంగు ఎల్‌ఈడీ లైట్ల దండ ఒకటి ఉంచుకున్నాము. రంజాన్‌కు అదే, ఎదురింటివాళ్లు దీపావళికి అడిగితే వాళ్లకూ అదే.

అడిగినవారు

అక్కలూ అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. రెండు డౌట్లు మిగిలాయి. తోలుబొమ్మల దీపం ఏ కాలంలో పెట్టాలి? అమ్మ పాత ధర్మవరం చీర ఒకటి చిరిగింది, అంచు మాత్రం బాగుంది, దాన్ని బండ మీద పరవచ్చా?

జవాబు (అనంతపురం)

తోలుబొమ్మ ఎండల్లో వద్దు, చలికాలంలో పెట్టు. అది మేకతోలు, పలచగా గీకి, వెలుగు దాటి వచ్చేలా చేస్తారు. కిటికీ ఎండ తగిలితే రంగు పోతుంది, అంచులు ముడుచుకుంటాయి. తడి తగిలితే మెత్తబడి ఆకారం చెడుతుంది. లోపల వేడెక్కే పాత రకం బల్బు కాకుండా చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టు. తుడవడానికి పొడి మెత్తని బ్రష్. పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచు, ఆ రంధ్రాల్లో ఒక్కొక్కటీ చేత్తో కొట్టినదే. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చింది ఈ విద్యకే. సాయంత్రం పెద్ద లైట్ తీసేసి ఆ దీపం ఒక్కటే వేస్తే, పక్కనున్న ఇత్తడి బిందె మీద ఆ రంగులు పడతాయి, చూడు.

చీర అంచు పరచు, కానీ దాని మీద నీళ్ల పాత్ర, పూల పళ్లెం పెట్టకు. వెనక పాత నూలు గుడ్డ వేసి కుట్టించు, జారదు, జరీ నలగదు. సంక్రాంతి దాటాక తీసి పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టు, లేకపోతే మడత దగ్గరే పట్టు చీలుతుంది.

అడిగినవారు

సరే అక్కా. అన్నా, బండ కింద చూశాను. రెండు చివర్లా ఇనుప బ్రాకెట్లు ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. వెనక అంచు గోడలోకి దిగి ఉంది.

జవాబు (కడప)

గోడలోకి దిగి ఉంటే కొంత నయం. అయినా ఆరడుగులకు మధ్యలో ఇంకో బ్రాకెట్ ఉండాలి. మేస్త్రీని పిలిచి అది వేయించేదాకా బిందెను ఒక చివర బ్రాకెట్ మీదికి, గోడ వైపుకు జరిపి పెట్టండి. అందులో నీళ్లు నింపొద్దు. మధ్యలో వేపపూత కూజా లాంటి తేలికవే ఉండనివ్వండి. పిల్లలు బండ పట్టుకుని ఎక్కకుండా ఈలోగా కింద ఒక దివాన్ గానీ పెట్టె గానీ అడ్డం పెట్టుకోండి.