నాన్నకి ప్రోస్టేట్ ఆపరేషన్, ముందుగా ఆయనకి ఏమేం చెప్పాలి?

పెద్దకొడుకు:
మా నాన్నకి 71 ఏళ్లు. రెండేళ్లుగా మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నా రాత్రి నాలుగైదుసార్లు లేవడం తగ్గలేదు, పోయిన నెల మూత్రం పూర్తిగా ఆగిపోతే ట్యూబు వేయించాల్సి వచ్చింది. వచ్చే గురువారం టీయూఆర్‌పీ అనే ప్రోస్టేట్ ఆపరేషన్ చేస్తామన్నారు. క్యాన్సర్ కాదు, గ్రంథి పెరిగిందంతే. డాక్టర్ గారు చెప్పిన దాంట్లో సగం నాకే అర్థం కాలేదు, నాన్న అన్నిటికీ తలూపి, బయటికొచ్చాక "ఇంతకీ కోత ఎక్కడ పెడతార్రా" అన్నారు. సుగర్ ఉంది. నాలుగేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. మా చిన్నాన్నేమో దాన్ని ఇవాళే ఆపెయ్యమంటున్నాడు. ఆపాలా? ఆయనకి టెన్షన్ పెట్టకుండా ఎంతవరకు చెప్పాలి?

వార్డు సిస్టర్:
యూరాలజీ వార్డులో 11 ఏళ్లుగా చేస్తున్నాను. ముందు ఆస్పిరిన్ సంగతి. చిన్నాన్న గారి మాట మీద ఆపకండి, నా మాట మీద కూడా వద్దు. స్టెంట్ ఉన్న మనిషికి ఏది ఆపాలో, ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టర్, మత్తు డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. చాలామందికి ఆస్పిరిన్ కొనసాగిస్తూనే ఆపరేషన్ చేస్తారు, అలాంటి మందే అయిన క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజుల ముందు ఆపమనడం మామూలు. ఇవాళే ఫోన్ చేసి అడగండి. సుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో చూడండి, వాటిని సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. వెల్లుల్లి క్యాప్సూళ్లు, చేపనూనె క్యాప్సూళ్లు "అవి మందులు కావు కదా" అని ఇంట్లోనే వదిలేసి వస్తారు, రక్తం కారే విషయంలో వాటి లెక్క కూడా మాకు కావాలి.

యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష, అయిందా? ట్యూబుతో ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం ఎక్కువ, ఉంటే దానికి మందు పడ్డాకే బల్ల మీదికి తీసుకెళ్తారు.

ఇక కోత. బయట ఎక్కడా కోత ఉండదని చెప్పండి. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి పరికరం పంపి, కరెంటుతో వేడెక్కే తీగతో అడ్డం ఉన్న భాగాన్ని ముక్కలుగా గీకి తీస్తారు. ఎక్కువగా వెన్నుకి ఇంజక్షన్ ఇచ్చి నడుం కింద మొద్దుబారేలా చేస్తారు, ఆయనకి మెలకువ ఉండొచ్చు, మాటలు వినిపించొచ్చు. ఆ తర్వాత ట్యూబు ఉంటుంది, పై నుంచి సెలైన్ లోపలికి వెళ్తూ కింద బ్యాగులోకి ఎర్రగా దిగుతూ ఉంటుంది. ఆ బ్యాగు చూసే ఇంట్లోవాళ్లు భయపడేది. నీళ్లలో కాస్త రక్తం కలిసినా మొత్తం ఎర్రగానే కనిపిస్తుంది, గంటలు గడిచేకొద్దీ పలచబడుతోందా లేదా అన్నదే చూడాలి.

ఇంకొకటి తప్పకుండా చెప్పండి. ట్యూబు ఉన్నా మూత్రం పోయాలనిపిస్తూనే ఉంటుంది, ట్యూబు జారకుండా దాని చివర ఉండే బుడగ మూత్రాశయం గోడకి ఒరుసుకోవడం వల్ల. తెలియక రాత్రిపూట మంచం దిగి బాత్రూంకి బయలుదేరి ట్యూబు లాగేసుకున్నవాళ్లని చూశాను. అప్పుడు ముక్కకుండా బెల్ కొట్టమనండి, దానికి మందు ఉంది.

ఆపరేషన్ అయినవాణ్ణి:
నాకు మూడేళ్ల కిందట ఇదే చేశారు. సిస్టర్ గారు చెప్పినవన్నీ నిజమే, అయితే నాకెవరూ చెప్పని రెండు సంగతులు ఉన్నాయి. ట్యూబు తీసేసి ఇంటికొచ్చి, మంట కూడా తగ్గి, హమ్మయ్య అనుకున్నాక 12వ రోజు పొద్దున్నే మళ్లీ ఎర్రగా వచ్చింది. పనైపోయిందనుకున్నాను. లోపలి పుండు మీది పొక్కు ఊడినప్పుడు అలా వస్తుందట, నీళ్లు బాగా తాగితే సాయంత్రానికి తేటపడింది. అదే గడ్డలు పడి మూత్రం ఆగిపోతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మలబద్ధకం కూడా రానివ్వకండి, ముక్కితే రక్తం మళ్లీ మొదలవుతుంది.

రెండోది కొడుకుగా మీరు చెప్పలేరు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది, తర్వాత మూత్రంలో కలిసి వెళ్లిపోతుంది. ప్రమాదం ఏమీ లేదు, తృప్తి అనేది ఉంటుంది, కానీ ముందు తెలియకపోతే మనిషి లోలోపల కుంగిపోతాడు. 71 ఏళ్లు కదా, ఆయనకెందుకులే అని మీరే నిర్ణయించెయ్యకండి. "నాన్నతో విడిగా ఒకసారి మాట్లాడండి" అని డాక్టర్ గారికి చెప్పి మీరు గది బయట కూర్చోండి.

మేనల్లుడు:
మా మామయ్యది క్యాన్సర్, గ్రంథి మొత్తం తీసేశారు. ఆయనకి ట్యూబు వారానికి పైనే ఉంది, తర్వాత మూత్రం లీకవడం ఆగడానికి కొన్ని నెలలు పట్టింది, అందుకే మూత్రాన్ని ఆపుకునే కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం ఆపరేషన్‌కి ముందు నుంచే చేయించారు. ఇది వేరు, అది వేరు. ఆ కథలు విని మీ నాన్న గారు బెదిరిపోకుండా చూసుకోండి.

పెద్దకొడుకు:
ఫోన్ చేశాను. గుండె డాక్టర్‌తో మాట్లాడి ఆస్పిరిన్ కొనసాగించమన్నారు, సుగర్ మాత్రల్లో ఒకటి సోమవారం నుంచి ఆపమన్నారు. కల్చర్‌కి ఇవాళే ఇచ్చాం. కోత లేదని నాన్నకి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంత సన్న దారిలోంచి ఎలా పడుతుందిరా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

వార్డు సిస్టర్:
అప్పటికి నడుం కింద ఏమీ తెలియదని చెప్పండి. నమ్మకపోతే మత్తు డాక్టర్‌నే అడగమనండి, బుధవారం సాయంత్రం చూడటానికి వస్తారుగా.