కొండే లేని ఊళ్లో ఉండి మస్తాన్ బాబు గారి కోసం ఇంకా బాధపడుతున్నా, తమ్ముడికి ఏం చెప్పను?

లంకపిల్ల:
మాది ముక్తేశ్వరం దగ్గర ఒక లంక. చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు, అటు గోదారి. ఎత్తు అంటే మాకు తెలిసింది ఏటిగట్టే. అలాంటి ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతుండగా మా సోషల్ మాస్టారు మల్లి మస్తాన్ బాబు గారి గురించి చెప్పారు. నెల్లూరు జిల్లాలో చిన్న పల్లెటూరిలో పుట్టి, ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి, 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలనీ 172 రోజుల్లో ఎక్కేశారని, అదీ వారంలో ఒక్కో రోజుకి ఒక్కో శిఖరం వచ్చేలా ఎక్కారని. నేను రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నా: ఆదివారం ఎవరెస్ట్, సోమవారం డెనాలి, మంగళవారం ఎల్బ్రస్, బుధవారం కిలిమంజారో, గురువారం విన్సన్, శుక్రవారం అకాంకాగువా, శనివారం కోస్యూస్కో. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయన కోరుకొండలో చదివారంటే మన రాజమండ్రి పక్కనున్న కోరుకొండే అనుకుని తెగ మురిసిపోయాను, విజయనగరం దగ్గర సైనిక్ స్కూల్ అని తర్వాత తెలిసింది.

2015లో నేను పదో తరగతి పరీక్షలు రాస్తున్నప్పుడే ఆయన ఆండీస్ కొండల్లో కనపడకుండా పోయారు. మార్చి 24 తర్వాత కబురు లేదు. ఏప్రిల్ మొదటి వారంలో, పరీక్షల మధ్యలో, ఇక లేరని తెలిసింది. నలభై ఏళ్లకే. అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే అమ్మ "ఆయన మనకేమవుతాడే?" అంది. ఏమవుతారో నాకూ తెలీదు. కానీ ప్రతి మార్చిలో ఆ తేదీ దగ్గర పడుతుంటే మనసు బరువెక్కిపోతుంది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, పందొమ్మిదేళ్ల మా తమ్ముడు పర్వతారోహణ కోర్సుకి వెళ్తానంటున్నాడు. వాడికి ఈ పిచ్చి అంటించింది నేనే. అమ్మ "వెళ్లినవాడు ఏమయ్యాడో చూశావుగా" అంటోంది. పదేళ్లు దాటినా ఆ మనిషి కోసం బాధపడేదాన్ని, వాడికి వెళ్లు అని ఎలా చెప్పను? మీలో ఎవరికైనా ఇలా ఉందా?

గట్టుమీద_సైకిల్:
ఉంది చెల్లీ. మాది నరసాపురం. అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆయన స్నేహితులు ఆయన్ని వెతికించడానికి ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టారు, గుర్తుందా? రాత్రి హాస్టల్లో అందరూ పడుకున్నాక కూడా దాన్నే తెరిచి చూసేవాణ్ణి. ఒక పొద్దున టీవీలో "మస్తాన్ బాబు ఆచూకీ లభ్యం" అని కింద స్క్రోలింగ్ వచ్చింది. ఒక్కసారి లేచి నిలబడ్డాను. ఆ తర్వాతి ముక్క చదివేదాకా ఎంతసేపు పట్టి ఉంటుంది, రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ ఆయన బతికే ఉన్నారు నాకు. దాన్ని ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఆ తర్వాత భౌతికకాయం సొంతూరికి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ రోజూ పేపరు చూసేవాణ్ణి. బంధువు కాకపోతే బాధ ఉండకూడదని ఎక్కడుంది?

పాత_కేడెట్:
అమ్మాయ్, నేను కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాణ్ణి, ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నా. మీ ప్రశ్న చదివి ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. మా స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావు గారని ఒకరుండేవారు. 1985లో ఆర్మీ బృందంతో ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్లి అక్కడే ప్రాణాలు వదిలారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మస్తాన్ బాబు ఆరో తరగతి పిల్లాడిగా ఆ స్కూల్లో చేరారు. ఆయనకు కొండల మీద మనసు పడింది ఆ సీనియర్ కథ విన్నాకే. అంటే మీరు అన్నం ముందు కూర్చుని ఎవరి కోసం ఏడ్చారో, ఆయన కూడా చిన్నప్పుడు తను చూడని ఒక కుర్రాడి చావు వార్త మోసుకుంటూ పెరిగినవాడే. ఆ చావు విని కొండలకి దూరంగా పోలేదు, 2006 మే 21న అదే ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. మీ అమ్మగారి భయం తప్పని అనను, ఆ మాట అనే హక్కు నాకు లేదు. ఈ ముక్క మాత్రం ఆవిడకి చెప్పండి.

అంతర్వేది_రేవు:
నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి అక్కా. మాది వేట కుటుంబం. 1996 నవంబర్ 6 తుఫానులో మా పెదనాన్న సముద్రం మీద ఉండిపోయాడు, తిరిగి రాలేదు. నేనింకా పుట్టలేదు, కానీ మా ఇంట్లో ఆ రాత్రి గురించి చెప్పని ఏడాది లేదు. తర్వాత మా నాన్న వేటకెళ్తానంటే నాన్నమ్మ ఆపలేదు, ఆపితే తిండెక్కడిది. కానీ రేడియోలో వాతావరణం వినకుండా తెడ్డు ముట్టుకోనిచ్చేది కాదు. ఆకాశం నల్లబడితే రేవు నుంచే వెనక్కి పిలిపించేది, పక్కింటి పడవ వెళ్లినా సరే.

మస్తాన్ బాబు గారు చివర్లో ఒంటరిగా పైకి వెళ్లారని, వాతావరణం చెడిపోయిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆయనంత అనుభవం ఉన్నాయనకే అలా జరిగింది. అందుకే నాకు ఆ చావుని గొప్పగా పొగిడేవాళ్లంటే కోపం వస్తుంది. ఆయన గొప్పతనం ఎక్కిన శిఖరాల్లో, ఆ క్రమశిక్షణలో ఉంది. చనిపోవడంలో ఏ గొప్పా లేదు, అది మనకి నష్టం, అంతే. మీ తమ్ముణ్ణి ఆపొద్దు. కానీ వాడు నేర్చుకునే మొదటి పాఠం వెనక్కి తిరగడం అయ్యుండాలి. శిఖరం వంద అడుగుల్లో కనపడుతున్నా, మబ్బు కమ్మితే దిగిరాగలవా అని వాణ్ణి అడగండి. తడుముకోకుండా అవునంటే పంపండి.

రాతిబాట:
పనికొచ్చేది నాలుగు ముక్కలు చెప్తా. ముందే డార్జిలింగ్ అనొద్దు. యాదాద్రి భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు, మొదట అక్కడికి పంపండి. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ఆ రాయి మీదే మొదలుపెట్టింది. తాడు మీద వేలాడాక వాడి ఇష్టం నిజమో కాదో వాడికే తెలుస్తుంది. అది అయ్యాక డార్జిలింగ్‌లో 1954 నుంచీ ఉన్న హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, ఉత్తరకాశీలో గానీ బేసిక్ కోర్సు, దాదాపు నెల రోజులు. మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పకుండా అడుగుతారు. మన దగ్గర ఎత్తు లేదని బెంగపడొద్దు, ఓడలరేవు ఇసకలో బరువు సంచితో పరిగెత్తితే కాళ్లు గట్టిపడతాయి. నేను అలాగే చేశాను.

లంకపిల్ల:
అందరికీ దణ్ణాలండి. రాత్రి అమ్మకి ఇవన్నీ చదివి వినిపించా. అంతర్వేది నాన్నమ్మ గారి దగ్గర "అదీ మాట" అంది. ఉదయ భాస్కర రావు గారి దగ్గరికి వచ్చేసరికి బెండకాయలు తరగడం ఆపేసి "ఆ ఇద్దరి తల్లులూ ఎలా తట్టుకున్నారో" అని చాలాసేపు అలాగే కూర్చుంది. మొదటిసారి ఆయన గురించి అమ్మ తనంతట తాను అడిగింది, ఏ ఊరు, ఏం చదివాడు, పెళ్లయిందా అని. నాకు ఏడుపొచ్చేసింది.

ఒప్పుకున్నట్టు కాదు. భువనగిరి మాట ఎత్తితే "మీ నాన్న రానీ" అంది. కానీ ఇవాళ తమ్ముడు గట్టు మీద పరుగుకని చీకటితోనే లేస్తే, రాత్రి నానబెట్టిన శనగలు గిన్నెలో పోసి, మూత పెట్టి, అరుగు మీద వాడి బూట్ల పక్కన ఉన్నాయి.