వైజాగ్‌లో రోడ్డు పనుల దగ్గర సెన్సర్లు, డిజిటల్ బోర్డులు ట్రయల్ చెయ్యాలా, ముందు డ్రమ్ములు, బారియర్లు సరిగ్గా పెట్టుకోవాలా?

గాజువాక షిఫ్టు:
మొన్న మా కాలనీ గ్రూపులో ఒకాయన "సెన్సర్లు అవీ డబ్బున్న దేశాలకి, మనకి రెండు ఇసకబస్తాలు చాలు" అని రాశారు. ఆ మాట నాకు మింగుడుపడట్లేదండీ. పోయిన వానాకాలం రాత్రి బీ షిఫ్టు దిగి ఎన్ఏడీ జంక్షన్ వైపు వస్తున్నాం, ముందు బండి మీద మా బావ, వెనక నేను, షీలానగర్ దగ్గర రోడ్డు తవ్వి ప్లాస్టిక్ బారియర్లు పెట్టారు, అందులో ఒకటి గాలికి జరిగి మా లేన్‌లోకి వచ్చి పడుంది, దుమ్ము పట్టి నల్లగా, మెరిసే టేపు ఆనవాలు కూడా లేదు. బావ దాన్నే గుద్దాడు, కాలర్ బోన్ విరిగింది. తర్వాత ఆ బారియర్‌ని నేను ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టాను. అందులో నీళ్ళు పోసుంటే నలుగురం పట్టినా కదిలేది కాదు. అందుకే అడుగుతున్నా, సెన్సర్లతో కిలోమీటరు ముందే హెచ్చరించే డిజిటల్ బోర్డు ఒకటి ట్రయల్ చేసి చూస్తే తప్పేంటి?

సైట్‌లోనే ఉంటా:
తమ్ముడూ, బావగారి సంగతి వింటే బాధేసింది. కానీ నువ్వు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది కదా, నీళ్ళు పొయ్యలేదు. పోసి ఉంటే సెన్సర్ ఎందుకు? పదహారేళ్ళుగా సైట్లమీదే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. రోడ్డు పని జరిగేచోట ట్రాఫిక్ ఎలా నడపాలో మనకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ ఎస్‌పీ 55 అని గైడ్‌లైన్స్ ఉన్నాయి, 2014లో సవరించారు కూడా, ముందు హెచ్చరించే చోటు, లేను సన్నబడే చోటు, పని చోటు, పని దాటాక మళ్ళీ మామూలు రోడ్డులో కలిసే చోటు, అన్నీ అందులో ఉన్నాయి. అమలు కాకపోవడానికి కారణం బిల్లు. మోర్త్, అంటే కేంద్ర రోడ్డు రవాణా శాఖ, స్పెసిఫికేషన్లలో 112వ క్లాజు ప్రకారం పని జరిగేటప్పుడు ట్రాఫిక్ ఏర్పాట్ల ఖర్చు చాలావరకు కాంట్రాక్టర్ రేట్లలోనే కలిసిపోతుంది, విడిగా బిల్లు రాదు. విడిగా బిల్లు రాని డ్రమ్ముని రోజూ ఎవడు కడుగుతాడు, పడిపోతే ఎవడు లేపుతాడు? 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ తెచ్చి రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించని కాంట్రాక్టర్లకి లక్ష దాకా జరిమానా పెట్టారు, అది ముందు గట్టిగా వాడమనండి.

సీతమ్మధార టు టెక్సస్:
అన్నగారూ, నేను ఇక్కడ టెక్సస్‌లో ట్రాఫిక్ పనిలోనే ఉన్నా, ఒక మాట చెప్తా. ఐ 35 హైవే వెడల్పు చేసేటప్పుడు రాత్రి లేన్లు మూస్తే వెనక బండ్లు బారులు తీరేవి, పని జరిగేచోట ఎక్కువగా అయ్యేవి వెనకనుంచి గుద్దే యాక్సిడెంట్లే. దానికి రోడ్డు పక్కన రాడార్ సెన్సర్లు పెట్టి, బారు ఎంత పెరిగిందో చూసుకుని, వెనక్కి ఉన్న బోర్డు మీద "ముందు బండ్లు ఆగున్నాయి" అని అదే మారేట్టు చేశారు. అది బాగా పనికొచ్చింది. అలాగని అన్నీ అయిపోలేదు, 2021లో అమెరికా మొత్తంలో రోడ్డు పని జరిగేచోట్ల 956 మంది చనిపోయారు. ఇంకోటి, మిన్నెసోటాలో రెండు లేన్ల వాళ్ళూ చివరిదాకా వచ్చి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కలవమంటారు, బారు 40 శాతం దాకా తగ్గుతుందని వాళ్ళ రవాణా శాఖే చెప్తుంది. అది మన గాజువాకలో నడుస్తుందని మాత్రం నేను మాటివ్వలేను.

మధురవాడ స్కూటీ:
నడవదండీ. లేన్ ఉంటేగా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కలవడానికి, రెండు కార్ల మధ్య నాలుగు బైకులు, వాటి మధ్య ఓ ఆటో దూరతాయి. ఆ రాడార్ బైకుల గుంపుని ఎన్ని బండ్లుగా లెక్కపెడుతుందో కూడా చూడాలి. ఇంకో భయం, అక్కడ రోడ్డు మీద అడ్డంగా పరిచే, బండిని గడగడా కుదిపే రంబుల్ స్ట్రిప్పులు ఉంటాయట, వాన పడినప్పుడు వాటి మీద స్కూటీ ఎలా నిలబడుతుంది? వెనక పాపని కూర్చోబెట్టుకుని వెళ్ళేదాన్ని కాబట్టి అడుగుతున్నా. ఇక బోర్డు పగలూ రాత్రీ "నెమ్మదిగా వెళ్ళండి" అనే చూపిస్తే రెండో రోజుకి ఎవరూ తలెత్తరు. హనుమంతవాక దగ్గర పని ఎప్పుడో అయిపోయినా బోర్డు ఇంకా ఉండేది, నేనే చూడటం మానేశా.

గాజువాక షిఫ్టు:
అక్కా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు, అందుకే ట్రయల్ అంటున్నా. వేరే దేశంలో పనిచేసిందని కొని తెచ్చి బిగించెయ్యమని కాదు. ఎన్‌హెచ్ 16 మీద ఏదో ఒక పని చోటు తీసుకోండి, మొదటి రెండు వారాలు ఇప్పుడున్నట్టే వదిలేసి స్పీడ్ గన్‌తో వేగాలు రాసుకోండి, తర్వాత రెండు వారాలు ఐఆర్‌సీ పుస్తకంలో ఉన్నట్టు బారియర్లలో నీళ్ళు, కడిగిన టేపు, రాత్రి లైట్లు, ఆ తర్వాతే సెన్సర్ బోర్డు. బైకులు, ఆటోలు, పోర్టు ట్రైలర్లు విడివిడిగా లెక్కెయ్యాలి, రాత్రి పది నుంచి అర్ధరాత్రి దాకా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మా షిఫ్టు బండ్లు, లారీలు కలిసేది అప్పుడే. నీళ్ళు పోస్తేనే సగం పని అయిపోతే ఆ సంగతీ అంకెల్లో తేలిపోతుంది, సైట్ అన్న చెప్పిందే నిజమని నేనే ఇక్కడ రాస్తా.

సైట్‌లోనే ఉంటా:
ఈ వరసలో అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ బోర్డుకి విడిగా బిల్లు ఇచ్చి టేపు కడిగేవాడికి ఇవ్వకపోతే మాత్రం ఒప్పుకోను, రెండో దశకి కూడా టెండర్‌లో విడిగా ఐటమ్ రాయాలి, ఎర్రజెండా పట్టుకుని నిలబడే కుర్రాడి జీతం సహా. మా సైట్లో ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్ళు, రాత్రంతా లారీలకి ఎదురుగా నిలబడతాడు, వాడికిచ్చిన జాకెట్ మీద మెరిసే పట్టీ ఉతికి ఉతికి ఊడిపోయింది. రేపు పొద్దున్న నేనెళ్ళి కొత్తది ఇప్పిస్తా, అది ట్రయల్ దాకా ఆగక్కర్లేదు.

మధురవాడ స్కూటీ:
మీరు రాత్రి వేగాలు రాయడానికి మనుషులు కావాలంటే శనివారం నేనూ మా ఆయనా వస్తాం, చోటు చెప్పండి.