‘నిష్క్రియ ప్రతి’ అనవచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం. నేను మెయిల్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. తెలుగు మీడియంలో చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఎక్స్ఛేంజ్ సర్వర్ బ్యాకప్ మీద ఒక పాఠం రాస్తూ, ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ముందు సంగతి చెప్తాను. ఎక్స్ఛేంజ్ 2010 నుంచి డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్ అనే ఏర్పాటు ఉంది. పొట్టిగా డాగ్ అంటాం. 16 సర్వర్ల దాకా ఒక జట్టు కట్టొచ్చు. మెయిళ్లుండే డేటాబేస్ ఒక సర్వర్‌లో నడుస్తుంటుంది, దాని కాపీలు మిగతా సర్వర్లలో ఉంటాయి. నడిచేది యాక్టివ్ కాపీ, మిగతావి పాసివ్. మొదటిది పడిపోతే ఇంకోటి అందుకుంటుంది. వీటికి నేను ‘క్రియాశీల ప్రతి’, ‘నిష్క్రియ ప్రతి’ అని రాశాను. నిఘంటువు చూస్తే తప్పు కనబడదు.

పాఠం చదివిన ఒక అమ్మాయి అడిగింది: “సార్, నిష్క్రియం అంటే ఏ పనీ చేయనిది కదా. మరి దాని నుంచి బ్యాకప్ తీస్తే పాత మెయిళ్లే వస్తాయి కదా?”

తప్పు ఆ పిల్లది కాదు, నేను పెట్టిన మాటది. పాసివ్ కాపీకి తీరికుండదు. యాక్టివ్ వైపు నుంచి లాగ్ ఫైళ్లు (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ వరసగా రాసుకునేవి), ఒక్కోటి 1 ఎంబీ, వస్తూనే ఉంటాయి. వాటిని అందుకోవాలి, సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి, వరస తప్పకుండా తన డేటాబేస్‌లోకి ఎక్కించుకోవాలి. ఆఫీసు జనం వాడుతున్న సర్వర్ మీద బరువు పడకూడదని చాలాచోట్ల బ్యాకప్ తీసేది కూడా దీని నుంచే. ఇలాంటి దాన్ని నిష్క్రియం అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఏమందాం?

జవాబు (కామర్స్ లెక్చరర్‌ గారు): మీరు చెప్తుంటే మా ఇంటర్ అకౌంటెన్సీ గుర్తొస్తోందండీ. జరిగింది జరిగినట్టు, తేదీల వారీగా రాసేది చిట్టా. అందులోంచి ఖాతాల వారీగా ఎక్కించేది ఆవర్జా. మీ లాగ్ చిట్టా, మీ డేటాబేస్ ఆవర్జా. పక్కన కూర్చుని అదే చిట్టా చూస్తూ తనూ ఒక ఆవర్జా రాసుకుంటున్న గుమాస్తాని ఊరకే కూర్చున్నాడని ఎవరంటారు? ‘తోడు ప్రతి’ అనండి.

నా జవాబు: మేడమ్, ఇన్నేళ్లూ ఈ పనిలో ఉండి నాకు తట్టలేదు! వచ్చిన మెయిల్ ముందు లాగ్‌లో పడుతుంది, తర్వాతే డేటాబేస్ ఫైల్లోకి వెళ్తుంది. అచ్చం చిట్టా, ఆవర్జాల వరసే. బ్యాకప్ కూడా ఈ మాటల్లోనే చెప్పేయొచ్చు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోని వీఎస్ఎస్ (వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్) ద్వారా అడుగుతుంది. ఎక్స్ఛేంజ్ రాయడం ఒక్క క్షణం ఆపుతుంది, ఆ క్షణంలో ఫొటో తీసినట్టు స్నాప్‌షాట్ పడుతుంది. అందులో ఆవర్జా ఉంటుంది, అప్పటికి ఇంకా ఎక్కించని చిట్టాలూ ఉంటాయి. రేపు తిరిగి పెట్టేటప్పుడు ఆ మిగిలిన చిట్టాలు ఎక్కిస్తే గానీ లెక్క కుదరదు.

బ్యాకప్ సరిగ్గా ముగిసిందని కబురు అందిన తర్వాత ఎక్స్ఛేంజే పాత చిట్టాలు తీసేస్తుంది. దీన్నే లాగ్ ట్రంకేషన్ అంటారు. తోడు ప్రతి నుంచి బ్యాకప్ తీసినా ఆ కబురు యాక్టివ్‌కి చేరుతుంది. కానీ మామూలుగా జట్టులో ఏ ఒక్క ప్రతి వెనకబడ్డా, దానికి కావలసిన చిట్టాలు ఎక్కడా చెరగవు. ఇదివరకు నేను పనిచేసిన ఒక చోట ఏదో మరమ్మతు కోసం ఒక కాపీని ఆపి, మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయాం. రోజూ రాత్రి బ్యాకప్ పక్కన పచ్చ గుర్తు పడుతోంది, లాగ్‌లు మాత్రం పేరుకుపోతున్నాయి. ఒక ఆదివారం తెల్లవారుజామున డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోయింది. ‘నిష్క్రియ’ కాపీయే కదా, ఆగితే ఏమవుతుందిలే అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

జవాబు (డల్లాస్ నుంచి ఒక తమ్ముడు): అన్నా, ‘నకలు’ అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాట. ఇంకోటి, ఇన్ని నకళ్లున్నాక బ్యాకప్ ఎందుకని మా దగ్గర కూడా అడుగుతున్నారు.

నా జవాబు: తమ్ముడూ, నకలు మంచి మాటే, కానీ దాంతోనే ఆ అనుమానం పుడుతోంది. లాగ్‌లో ఏముంటే అది మక్కీకి మక్కీ అవతలా పడుతుంది. ఎవరైనా పొరపాటున ఒక మెయిల్‌బాక్స్ ఖాళీ చేశారనుకో, ఆ చెరిపివేత కూడా చిట్టాలో ఒక పద్దే. కాసేపట్లో తోడు ప్రతులన్నిట్లోనూ ఖాళీ అవుతుంది. సర్వర్ పోతే నకలు ఆదుకుంటుంది. మనిషి పొరపాటుకు మాత్రం నిన్నటి ప్రతి కావాలి, అది బ్యాకప్‌లో ఉంటుంది. మూడు, అంతకుమించి కాపీలుంటే విడిగా బ్యాకప్ లేకుండా నడిపే పద్ధతిని మైక్రోసాఫ్టే చెప్పిన మాట నిజం. కానీ అందులో చెరిపినవాటిని కొన్నాళ్లు అట్టే ఉంచడం, ల్యాగ్డ్ కాపీ (కావాలనే వెనకబడి నడిచేది) పెట్టుకోవడం కూడా భాగమే. ఆ ల్యాగ్డ్ కాపీ చిట్టాలు అందుకుంటుంది గానీ 14 రోజుల దాకా ఎక్కించకుండా ఆగగలదు. దీనికి ‘జాగు ప్రతి’ అని రాశాను. ఇది మాత్రం మార్చను.

యాక్టివ్ కాపీకి ‘వాడుక ప్రతి’ అని పెట్టి, ఇప్పటికి పాఠంలో ఇలా దిద్దాను: “వాడుక ప్రతి చిట్టాలు పంపుతుంది. తోడు ప్రతి వాటిని వెంటనే ఎక్కించుకుంటుంది. జాగు ప్రతి చెప్పిన గడువు దాకా ఆగి ఎక్కించుకుంటుంది.” లాగ్ అనే మాటని మొదటిసారి వచ్చిన చోట చెప్పి, ఆ తర్వాత చిట్టా అనే రాస్తాను. బ్యాకప్‌ని బ్యాకప్‌గానే ఉంచేశాను.

ట్రంకేషన్ ఒక్కటే మిగిలింది. ముందు ‘లాగ్ కుదింపు’ అని రాస్తే, డేటాబేస్ ఫైలు చిన్నదవుతుందని ఇద్దరు అనుకున్నారు. అది రవ్వంత కూడా తగ్గదు, పాత లాగ్ ఫైళ్లే పోతాయి. ఆవర్జా సరిచూసుకున్నాక పాత చిట్టాలు తీసేయడాన్ని కొట్లలో గుమాస్తాలు ఏమనేవారు? మీ ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా ఆ పని చేసి ఉంటే అడిగి రాయండి.