హెచ్-ఇండెక్స్ ఒకచోట 14, ఇంకోచోట 8. అప్లికేషన్‌లో ఏది రాయాలి?

బీసెల్_పోస్ట్‌డాక్: పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది, తల వేడెక్కింది. ఫ్యాకల్టీ పోస్టు అప్లికేషన్ రేపు సాయంత్రంలోగా పంపాలి. ఫారంలో మొత్తం సైటేషన్లు (నా పేపర్లను ఇతర పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో), హెచ్-ఇండెక్స్ (ఉదాహరణకు 8 అంటే, కనీసం 8 సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు 8) అడిగారు. ఒకచోట 1,140, 14 అని చూపిస్తోంది. ఇంకోచోట 690, 8. రెండుచోట్లా నా పేరే, నా పేపర్లే. ఇంత తేడా ఎలా వస్తుంది? ఎక్కువ రాస్తే గొప్పలు చెప్పుకున్నాననుకుంటారు, తక్కువ రాస్తే షార్ట్‌లిస్ట్‌కే వెళ్లనేమోనని టెన్షన్. త్వరగా ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

లైబ్రరీ_డెస్క్: ఏ డేటాబేస్‌లో 14? ఏ డేటాబేస్‌లో 8?

పాత_రివ్యూయర్: అమ్మా, ముందు ఈ అంకెల మీద బెంగ తగ్గించుకో. 2005లో కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ ఇమ్యూనిటీ జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. ఆర్‌ఎన్‌ఏలో కొన్ని న్యూక్లియోసైడ్లను (దాని నిర్మాణ భాగాలను) మారిస్తే టోల్-లైక్ రిసెప్టర్లు (సూక్ష్మజీవుల్ని పసిగట్టే ప్రోటీన్లు) రెచ్చిపోవని అందులో చూపించారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు ఆధారమైంది ఆ పనే, 2023లో నోబెల్ తెచ్చిందీ ఆ పనే. రాల్ఫ్ స్టైన్‌మన్ డెండ్రిటిక్ కణాల (రోగనిరోధక వ్యవస్థను అప్రమత్తం చేసే కణాల) గురించి 1973లో రాస్తే నోబెల్ 2011లో వచ్చింది. ఇమ్యునాలజీలో మంచి పనికి గుర్తింపు రావడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. సెలక్షన్ కమిటీలు ఇది అర్థం చేసుకోవాలని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను.

లైబ్రరీ_డెస్క్: సర్, ఆవిడకి గడువు రేపే.

బీసెల్_పోస్ట్‌డాక్: 14 గూగుల్ స్కాలర్‌లో, 8 స్కోపస్‌లో అండీ. ఇంకో మాట, పేపర్లు వచ్చిన జర్నల్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లన్నీ కూడి మొత్తం కూడా రాయమంటున్నారు ల్యాబ్‌లో. రాయనా?

సైటోకైన్: వద్దు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మనిషిది కాదు. గత రెండేళ్లలో ఆ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్తుంది, అంతే. మీ పేపర్‌ని ఒక్కరూ సైట్ చేయకపోయినా ఆ అంకె మారదు.

ఎలైసా_ప్లేట్: అందరూ రాస్తున్నారు కదండీ. చాలా ఫారాల్లో దానికో గడి కూడా ఉంటుంది. మనం ఒక్కరమే ఖాళీగా వదిలేస్తే నష్టం మనకే.

సైటోకైన్: అడిగితే రాయండి. అడగని చోట ఎందుకు? మనుషుల్ని ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో కొలవొద్దని పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే శాన్ ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ 2012లోనే చెప్పింది. ఏడాది ఏడాదికీ మారే సగటుల్ని కూడితే వచ్చే మొత్తానికి అర్థమే లేదు.

లైబ్రరీ_డెస్క్: అసలు విషయానికొద్దాం. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ రివ్యూ కాకముందే బయటపెట్టే పేపర్లు), కాన్ఫరెన్స్ కాగితాల్లోని సైటేషన్లు కూడా లెక్కేస్తుంది. స్కోపస్ తను ఇండెక్స్ చేసినవాటినే చూస్తుంది. కొంత తేడా మామూలే. కానీ 14కీ 8కీ మధ్య ఇంకేదో ఉంది. అన్ని పేపర్లలో మీ పేరు ఒకేలా ఉందా? స్కోపస్‌లో పైనున్న పేపర్ల సైటేషన్లు కూడా ఇక్కడ పెట్టండి.

బీసెల్_పోస్ట్‌డాక్: పీహెచ్‌డీ పేపర్లలో ఇనిషియల్‌తో, ఆ తర్వాతవాటిలో పూర్తి పేరుతో. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? అంకెలు ఇవి: 372, 88, 61, 47, 33, 21, 14, 9, 7, 6, మిగతావి ఇంకా తక్కువ. మొదటిది కన్సార్టియం పేపర్, వందమందికి పైగా రచయితలం.

లైబ్రరీ_డెస్క్: చిక్కంతా పేరు దగ్గరే. స్కోపస్‌లో మీకు రెండు ప్రొఫైల్స్ ఉండి ఉంటాయి. ఇనిషియల్‌తో వెతకండి, దొరికితే రెండిటినీ కలపమని రిక్వెస్ట్ పెట్టండి. అప్పటిదాకా రెండు ఐడీల పేపర్లనూ కలిపి సెలెక్ట్ చేసి సైటేషన్ ఓవర్‌వ్యూ చూస్తే అసలు అంకె తెలుస్తుంది.

ఇక మీ లిస్టు. ఎనిమిదో పేపర్‌కి 9 ఉన్నాయి, తొమ్మిదోదానికి 7 మాత్రమే. అందుకే హెచ్ 8. కన్సార్టియం పేపర్ తీసేస్తే సైటేషన్లు సగానికి పైగా పోయి 318 మిగులుతాయి, హెచ్ మాత్రం ఒక్కటే తగ్గి 7 అవుతుంది. మొత్తం సైటేషన్లు రాస్తే ఆ పేపర్ సంగతి పక్కనే రాయండి. ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో ఒక్కో పేపరూ తెరిచి చూశారా? ఆటోమేటిక్‌గా చేర్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు కూడా వచ్చి చేరతాయి.

బీసెల్_పోస్ట్‌డాక్: ఇప్పుడే చూశాను. మొక్కల రోగనిరోధకత మీద మూడు పేపర్లున్నాయి, నావి కావు! నేను మొక్కల మీద ఎప్పుడూ పనిచేయలేదు.

నేచర్‌కిల్లర్: ఓఆర్‌సీఐడీ పెట్టుకోండి, పేర్లు కలిసిపోకుండా పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య అది. 2012 నుంచీ ఉంది.

పాత_రివ్యూయర్: ఓఆర్‌సీఐడీ మంచిదే. కానీ ఫిజిసిస్ట్ హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్ తయారుచేసింది ఫిజిక్స్‌వాళ్ల కోసం. ఇమ్యునాలజీవాళ్లని, గణితంవాళ్లని దాంతో పోల్చడం అన్యాయం. ఫీల్డ్, సంవత్సరం, పేపర్ రకం చూసి సరిచేసిన కొలత కావాలి. స్కోపస్‌లో అలాంటిది ఉంది, 1 అంటే ప్రపంచ సగటు.

ఎలైసా_ప్లేట్: అది కూడా కన్సార్టియం పేపర్ ఒక్కటుంటే పైకి లేచిపోతుంది కదా సర్?

పాత_రివ్యూయర్: లేస్తుంది. అందుకే పేపర్లు చదవమంటాను.

బీసెల్_పోస్ట్‌డాక్: రెండో ప్రొఫైల్ దొరికింది, కలిపి చూస్తే 11. స్కోపస్ అంకె, చూసిన తేదీ రాసి పంపేశాను. థ్యాంక్స్ అండీ.

నేచర్‌కిల్లర్: సెల్ఫ్ సైటేషన్లు (మీ పేపర్లను మీరే ఉదహరించినవి) తీసేసి చూశారా?