సాయం తీసుకోవడానికి సిగ్గుపడేవాళ్లకు పరిచర్య చేసేదెలా?

అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక పెద్దావిడ తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ ఇంకో సహోదరీ వెళ్లి ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి, దుప్పటి మార్చి వస్తున్నాం. పనిదేముంది, చేసేస్తాం. ఆవిడ ముఖం చూడటమే కష్టం. దుప్పటి తీయబోతే అంచు గట్టిగా పట్టుకుని "నీకెందుకమ్మా ఈ పాట్లు, వదిలెయ్" అంటారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు వాక్యం నేర్పిన మనిషి!

యోహాను సువార్త 13లో యేసు తన శిష్యుల కాళ్లు కడగబోతే, వాళ్లలో ఒకడైన పేతురు కూడా వద్దన్నాడు. కడిగినవాని తగ్గింపు మీద బోలెడు ప్రసంగాలు విన్నాను గానీ, కడిగించుకున్నవాళ్ల ఇబ్బంది గురించి ఎవరూ చెప్పగా వినలేదు. ఫిలిప్పీ 2:3 ప్రకారం ఎదుటివారిని మనకన్నా యోగ్యులుగా ఎంచాలి. అలాగని ఆవిడ మాటకు విలువిచ్చి ఆగిపోతే, ఆ మాసిన దుప్పటి మీదే పడుకోవాలి కదా.

ఇంకో టెన్షన్. నాతో వచ్చే సహోదరి ఫోటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతోంది. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి 6:3 గుర్తుచేస్తే "సాక్ష్యం కోసమే కదా" అంటోంది. ఈ సంగతి పెద్దావిడకు తెలిస్తే మమ్మల్ని మళ్లీ గడప తొక్కనివ్వరు. ఆ సహోదరి మనసు నొచ్చుకోకుండా ఎలా ఆపాలి?

మంచాన పడ్డవాళ్లను చూసుకున్నవాళ్లు, ముఖ్యంగా అలా చేయించుకున్నవాళ్లు చెప్పండి. మా కోసం ప్రార్థన చేయమనో, వాక్యం వివరించమనో ఆవిడను అడిగితే నిజంగా బరువు తగ్గుతుందా, లేక బుజ్జగిస్తున్నట్టు అనిపిస్తుందా?